కల్లెడ నుంచి పారిస్ వరకు: పతకానికి ముందే దక్కాల్సిన చోటు

నమస్కారం. 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో టి20 విభాగం 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో పూర్తి చేసి, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి కాంస్య పతకం గెలుచుకున్నారు. టి20 అంటే మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగం. ఆ వైకల్యంతో మన దేశానికి పారాలింపిక్ పతకం తెచ్చిన మొదటి వ్యక్తి ఆవిడే. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి, ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యారు.

ఈ విజయాలను అందరం పండగలా చెప్పుకున్నాం. అంతకు ముందు సంగతి కూడా చెప్పుకోవాలి. చిన్నప్పుడు ఆ పిల్లను ఊళ్లో వెక్కిరించారనీ, అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారనీ తల్లిదండ్రులే చెప్పారు. ఇల్లు గడవక పొలం అమ్ముకున్న ఆ కుటుంబం, హాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో కూతురు గెలిచిన స్వర్ణంతో వచ్చిన డబ్బుతో మళ్లీ భూమి కొనుక్కుంది. ఆమె పరుగును బడిలో పి.ఇ.టి. సారు గుర్తించారు, కోచ్ నాగపురి రమేశ్ చేరదీసి తీర్చిదిద్దారు. వాళ్ల కంట పడకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

మేధో వైకల్యం అంటే పిచ్చి కాదు, జబ్బు కూడా కాదు. నేర్చుకోవడానికి ఎక్కువ సమయం, ఎక్కువసార్లు సాధన, సూటిగా ఉండే మాట అవసరమవుతాయి. అందుకే ఆట వీళ్లకు బాగా నప్పుతుంది: గీత ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, విజిల్ ఎప్పుడూ ఒక్కలాగే మోగుతుంది, నిన్నటి కంటే నేడు ఎంత ముందుకు వచ్చారో వాళ్లకే తెలుస్తుంది.

ఒక ప్రత్యేక పాఠశాల మైదానంలో నేను చూసిన దృశ్యం చెబుతాను. పద్నాలుగేళ్లుండే ఒక అబ్బాయి, పరుగెత్తమంటే కదలకుండా నిలబడ్డాడు. కోచ్ గొంతు పెంచలేదు. తాను వంగి, అతని ఎడమ బూటును చేత్తో పట్టుకుని సున్నపు గీత వెనక ఆనించి, విజిల్ ఊది, నాలుగడుగులు పక్కనే పరుగెత్తారు. మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ అదే బూటు, అదే గీత, అదే విజిల్. చాలాసేపటి తర్వాత ఒకసారి కోచ్ వంగబోతుండగానే ఆ అబ్బాయి తలవంచి చూసుకుని, బూటును తనంతట తానే గీత వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత అతను పరుగెత్తిన దూరం నాకు గుర్తు లేదు గానీ, ఆ బూటు జరిగిన రెండంగుళాలు మాత్రం గుర్తున్నాయి.

1968 జులైలో షికాగోలో అమెరికా సమాజ సేవకురాలు యూనిస్ కెనడీ ష్రైవర్ నాయకత్వంలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే క్రీడా సంస్థ, ఈ మెట్టు నుంచే పనిచేస్తుంది. అక్కడ వయసును, సామర్థ్యాన్ని చూసి దాదాపు సమఉజ్జీలను ఒకే పోటీలో నిలుపుతారు కాబట్టి, నెమ్మదిగా పరుగెత్తే పిల్లకు కూడా నిజమైన పోటీ, నిజమైన గెలుపు ఉంటాయి. పారాలింపిక్స్ దారి వేరు. అక్కడ అత్యున్నత స్థాయి వాళ్లకే చోటు. ఆ చోటు కూడా ఒకసారి చేజారింది. 2000 సిడ్నీ క్రీడల్లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో ఎక్కువమందికి అసలు వైకల్యమే లేదని బయటపడడంతో ఈ విభాగాన్నే పక్కన పెట్టారు. ఎవరో చేసిన మోసానికి, 2012 లండన్ క్రీడల వరకు మేధో వైకల్యం ఉన్న అథ్లెట్లు బయటే ఉండిపోయారు.

స్పెషల్ ఒలింపిక్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి యూనిఫైడ్ స్పోర్ట్స్. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టుగా ఆడతారు. పక్కనే ఆడి, బంతి అందుకుని, కలిసి ఓడిన పిల్లవాడికి ఆ తోటివాడి పేరే నోట్లో ఉంటుంది, వెక్కిరింపు మాట నోటికి రాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. చాలాచోట్ల అవి బడి ఆవరణలోనే ఉంటాయి. అక్కడి పిల్లలు కిటికీలోంచి ఆటల పీరియడ్‌ను చూస్తూ ఉంటారు. పి.ఇ.టి. సార్లకు, మేడమ్‌లకు నా విన్నపం ఒక్కటే: వచ్చే ఆటల పీరియడ్‌కు ఆ గది తలుపు తట్టి, ఇద్దరినైనా మైదానంలోకి పిలవండి, మిగతా పిల్లలతో పాటు జట్టులో వాళ్ల పేర్లు కూడా రాయండి.