వేళ్లు వంగనివాళ్లు కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవచ్చా? 3 పరికరాలు వాడి చూశాను

అందరికీ నమస్తే. అసలు విషయంలోకి వెళ్లేముందు నా చేతులు ఒకసారి చూడండి. కుడి బొటనవేలు ఇదిగో, ఇంతవరకే వస్తుంది. చూపుడు వేలి కొనకు తగలదు. ఎడమ చెయ్యి కాస్త నయం, కానీ పొద్దున లేచాక గంటసేపు అదీ మాట వినదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు. లెన్సులు పెట్టుకుంటానని చెబితే మా చెల్లెలు, "ముందు చొక్కా గుండీలు పెట్టుకో అక్కా, తర్వాత లెన్సుల సంగతి చూద్దాం" అంది. నాలుగు నెలలైంది, పెట్టుకుంటూనే ఉన్నాను. ఇందుకోసం మూడు పరికరాలు కొన్నాను. వాటిలో ఒకటి నాకు సంబంధమే లేనిది, తెలియక కొన్నాను.

ముందు దాని సంగతి చెప్పేస్తా. ఇదిగో, రబ్బరు ప్లంజర్. కొన దగ్గర బుల్లి గిన్నెలా ఉంది చూశారా, అది లెన్సును గాలితో పీల్చి పట్టుకుంటుంది. ఇది గట్టి లెన్సులకు, అంటే ఆర్‌జీపీ (గాలి ఆడే గట్టి లెన్సులు), స్క్లెరల్ (తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్సులు) రకాలకు. నేను వాడేవి సాఫ్ట్ లెన్సులు. గట్టివి వాడేవాళ్లకు ఇది నిజంగా ఉపయోగం. కానీ తీసేటప్పుడు కంట్లో లెన్స్ ఉందో లేదో అద్దంలో చూసుకున్నాకే ఆనించాలి. లెన్స్ లేకపోతే అది నేరుగా నల్లగుడ్డుకే అతుక్కుంటుంది. స్క్లెరల్ అయితే మధ్యలో కాదు, అంచు దగ్గర ఆనించాలి. స్క్లెరల్ వాళ్లకు చిన్న స్టాండ్లు కూడా దొరుకుతాయి. లెన్సులో సెలైన్ నింపి స్టాండ్ మీద పెడతాం, కన్నే దాని మీదికి వంచుతాం. రెండు చేతులూ రెప్పలు పట్టుకోవడానికి ఖాళీ! మనకెందుకు లేవో ఇలాంటివి.

ఇక రెండోది, సిలికాన్ కొన ఉన్న పుల్ల. లెన్సును కంట్లో పెట్టడానికి. కొన మెత్తగా బాగుంది, లెన్స్ చక్కగా కూర్చుంటుంది. పిడి మాత్రం పెన్ను రీఫిల్లంత సన్నం. దీన్ని గోళ్లు పెంచుకున్నవాళ్ల కోసం చేసినట్టున్నారు, వేళ్లు వంగనివాళ్లు గుర్తొచ్చినట్టు లేదు. స్పాంజి ముక్క చుట్టి, టేపు వేసి లావు చేసుకున్నాను. చూడ్డానికి బాగోదు, నిజమే. సాఫ్ట్ లెన్సులకు మూలపురుషుడు ఒట్టో విఖ్తెర్లే అనే చెక్ శాస్త్రవేత్త. ఆయన 1961 చివర్లో పిల్లల మెర్కుర్ బొమ్మల సెట్టూ, సైకిల్ డైనమో కలిపి ఇంట్లోనే యంత్రం కట్టి మొదటి లెన్సులు తీశాడు. అలాంటప్పుడు నా స్పాంజికి సిగ్గెందుకు?

పెట్టుకునే పద్ధతి చూపిస్తాను. అద్దం బల్ల మీద పడుకోబెట్టాను. మోచేతులు రెండూ బల్ల మీద ఆనించాను, లేకపోతే చెయ్యి వణుకుతుంది. తల వంచి కిందికి చూస్తున్నాను. వేలి కొనతో రెప్ప పట్టుకోవడం నా వల్ల కాదు, అందుకే వేలి కణుపుతో పై రెప్పను వెంట్రుకల దగ్గర నొక్కి, కనుబొమ్మ ఎముకకు ఆనించి ఉంచుతాను. కణుపులు కూడా సబ్బుతో కడిగి, బాగా తుడుచుకోవాలి. పుల్ల కొన పొడిగా ఉండాలి. లెన్స్ ఎప్పుడూ తడి ఎక్కువున్న వైపుకే పోతుంది. కొన తడిగా ఉంటే దాన్నే కరుచుకుని ఉంటుంది, కంట్లోకి రాదు. మొదటి వారమంతా నా గొడవ ఇదే.

లెన్స్ రకం కూడా ముఖ్యం. కొన్ని మరీ పల్చగా ఉండి, తీయగానే వాలిపోతాయి. సిలికాన్ హైడ్రోజెల్ అని సాఫ్ట్ లెన్సులు చేసే పదార్థం ఒకటుంది, అందులో కాస్త బిరుసుగా ఉండేవి గిన్నెలా నిలబడతాయి. లెన్స్ రాసేవాళ్లకు మీ చేతులు చూపించి అడగండి. మన జబ్బున్నవాళ్లకు కళ్లు పొడిబారడం మామూలే, ఆ మాటా ముందే చెప్పండి.

నేను వాడేవి రోజుకొకటి పారేసే రకం. సొల్యూషన్ సీసా మూత తిప్పే పని లేదు, డబ్బీ కడిగే పని లేదు. కానీ రోజూ రెండు రేకులు చింపాలి. పళ్లతో లాగాలనిపిస్తుంది, వద్దు, నోటి క్రిములు నేరుగా కంట్లోకే. నేను ప్యాకెట్‌ను రబ్బరు మ్యాట్ మీద పెట్టి అరచేత్తో అదిమి, రేకు చివరికి బట్టల క్లిప్పు తగిలించి లాగుతాను. టప్పుమని వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. లెన్స్ పెట్టుకోవడం రాకపోతే ఏముంది, కళ్లజోడు ఉంది. తీయడం రాకపోతేనే చిక్కు. మూడో రోజు రాత్రి వేళ్లు వాచిపోయాయి, గిచ్చి పట్టుకోవడానికి పట్టు దొరకలేదు. నలభై నిమిషాలు ప్రయత్నించాను, కన్ను ఎర్రబడింది. లెన్స్ కంటి వెనక్కి పోయిందేమోనని ఒకటే టెన్షన్. పోదు, అక్కడ పొర అడ్డు ఉంటుంది, దారే లేదు. కానీ ఆ రాత్రి అదెక్కడ గుర్తుంటుంది? చివరికి చెల్లెలు చేతులు కడుక్కొచ్చి తీసింది. అలాగే పడుకుందామా అని కూడా అనుకున్నాను. లెన్సులతో నిద్రపోతే ఇన్‌ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుంది.

అందుకే నా ఓటు మూడోదానికి, ఈ సిలికాన్ కొనల పట్టకారుకు. బొటనవేలు కొన కలవకపోయినా, తాళంచెవి పట్టుకున్నట్టు పక్కనుంచి నొక్కితే చాలు, పనిచేస్తుంది. ఒక్క నియమం, నల్లగుడ్డు మీద దీన్ని వాడకూడదు. పైకి చూసి, వేలితో లెన్సును కిందికి, తెల్లగుడ్డు మీదికి జరిపాక పట్టుకోవాలి. పొడిగా అతుక్కుపోయి ఉంటే లెన్సుల కోసం ఇచ్చే చుక్కలు వేసి కొన్ని నిమిషాలు ఆగండి. నీళ్లు మాత్రం వద్దు, కుళాయి నీళ్లలో అకాంతమీబా అనే, కంటికి ఇన్‌ఫెక్షన్ తెచ్చే సూక్ష్మజీవి ఉండొచ్చు. కొనేముందే తీయడం బాగా సాధన చేయండి, పెట్టడం కంటే దాని మీదే ఎక్కువ ధ్యాస పెట్టండి.

ఇదిగో, మీ ముందే తీస్తున్నాను. పైకి చూశాను... జరిపాను... కాస్త జారింది, ఆగండి... ఆ, వచ్చేసింది. ఎడమ కంటికి ఇంకా టైం పడుతుంది, కెమెరా ఆపేస్తున్నాను.