వైరుదా, బ్యాటరీదా? ఇంపాక్ట్ డ్రైవర్ కొనే ముందు ఓ మాట

నమస్తే అండీ. మా బావమరిది గుంటూరులో మాడ్యులర్ కిచెన్ పని చేస్తాడు, మొన్న ఫోన్ చేసి "బావా, స్క్రూలు బిగించడానికి వైరుతో నడిచే ఇంపాక్ట్ డ్రైవర్ కొంటే బ్యాటరీ, చార్జర్ డబ్బులు మిగులుతాయి కదా, తీసేసుకోనా" అన్నాడు. వాడికి ఫోన్లో చెప్పిందంతా ఇప్పుడు మీకూ చెప్తున్నా.

చాలామంది ఇళ్లలో ఉండేది 600 వాట్ల కరెంటు డ్రిల్, దానికే స్టార్ బిట్ పెట్టి స్క్రూలు బిగించేస్తుంటారు. అది ఇంపాక్ట్ డ్రైవర్ కాదండీ. స్క్రూ బిగుసుకుందంటే డ్రిల్ మన మణికట్టు మెలేస్తుంది. ఇంపాక్ట్ డ్రైవర్ లోపల స్ప్రింగు మీద చిన్న సుత్తి లాంటిది ఉంటుంది, స్క్రూ మొరాయించగానే అది వెనక్కి జారి, తిరుగుతూ వచ్చి మళ్లీ కొడుతుంది, ఫుల్ స్పీడులో నిమిషానికి 3,000 దెబ్బలకు పైనే. ఆ టకటక మోత అదే. దెబ్బంతా స్క్రూకి పోతుంది, మన చేతికి పెద్దగా తెలియదు.

అందుకే వాట్లు చూసి కొనకండి. మకిటా వాళ్ల వైరు ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటుంది, 230 వాట్లే, అంటే ఒక్క ఆంపియర్ లాగుతుంది, టార్క్, అంటే తిప్పే బలం, మాత్రం 100 న్యూటన్ మీటర్లు. 18 వోల్టుల బ్యాటరీవి మంచివైతే 150 దాటేస్తున్నాయి. వైరుదంటే బలం ఎక్కువ అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

పోయిన వేసవిలో సింగ్‌నగర్‌లో మా మేడ మీద రేకుల షెడ్డు వేశాం. మెట్ల గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి వైరు మెషిన్‌తోనే మొదలెట్టాం. పైకెక్కి స్క్రూ కొడుతున్న ప్రతిసారీ వైరు రేకు అంచుకి రాసుకుంటోంది, తెగిందంటే రేకంతా కరెంటే, నాకు కింద నిలబడే టెన్షన్. పదింటికి కరెంటు పోయింది. పక్కింటాయన దగ్గర బ్యాటరీది అరువు తెచ్చి మిగతాది చకచకా కానిచ్చాం, కాకపోతే ట్రిగ్గర్ గట్టిగా నొక్కేసి స్క్రూ కింద రబ్బరు వాషర్లు కొన్ని నలిపేశాను, మొదటి వానకి అక్కడే కారింది. అది మెషిన్ తప్పు కాదు, నాదే.

బ్యాటరీకీ బాధలున్నాయి. రోహిణి కార్తె ఎండలో వేడెక్కిన బ్యాటరీని చార్జర్‌లో పెడితే లైటు వెలుగుతుందే గానీ చార్జింగ్ ఎక్కదు, నీడలో చల్లారేదాకా ఆగాల్సిందే. నీళ్లలో మాత్రం ముంచకండి బాబూ. అందుకే రెండు బ్యాటరీలు ఉండాలి. పైగా వాడినా వాడకపోయినా కొన్నేళ్లకి అవి నీరసిస్తాయి.

ఇంకో సంగతి, బజార్లో చవక బ్యాటరీల మీద 48, 88 అని స్టిక్కర్లు ఉంటాయి చూడండి, వోల్టులనుకుని మురిసిపోతాం. లోపల చాలావాటిలో వరసగా ఉండేవి ఐదు సెల్సే, ఒక్కోటి 3.6, మొత్తం 18. ఫుల్ చార్జ్‌లో 21 దాకా చూపిస్తుంది. 18, 20, 21 అని డబ్బా మీద ఏది రాసినా సరుకు ఒకటే.

మరి వైరుది దండగా అంటే, కాదు. షాపులో బల్ల దగ్గర ఒకేచోట పొద్దస్తమానం స్క్రూలు కొట్టేవాళ్లకి అదే హాయి, చార్జింగ్ గొడవే లేదు. మా వాడు చేసేది అది కాదుగా, ఇంకా మీటరే పెట్టని కొత్త ఫ్లాట్లలో, కప్‌బోర్డులో తల దూర్చి చేసే పని. బ్యాటరీదే తీసుకోమన్నా, ఇంపాక్ట్ బిట్లు విడిగా కొనమన్నా, మామూలు బిట్లు పుటుక్కున విరుగుతాయి. పార్టికల్ బోర్డులో హింజెస్ స్క్రూలు మాత్రం దీంతో కొట్టొద్దు, చెక్క పొడైపోయి పట్టు పోతుంది, స్క్రూ బిగుసుకోగానే తిప్పడం ఆపేసే క్లచ్ ఉన్న డ్రిల్‌తోనో చేత్తోనో బిగించుకోమన్నా.

అంతా విని "సరే గానీ బావా, నీదే ఓ నెల పంపించకూడదూ" అన్నాడు. పోయినసారి పంపిన డ్రిల్ ఇంకా రాలేదు.