32 మిల్లీగ్రాముల లెక్క: యాంటీబయాటిక్ డ్రెస్సింగ్‌లో మందు ఎటు పోతోంది?

నమస్కారం అండీ. చెన్నైలో ఎం.ఫార్మ్, బయోమెడికల్ చదువుతున్న మన తెలుగు పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల్లో తప్పకుండా కనిపించే ఫొటో ఒకటుంది. పెట్రీ ప్లేటు, అందులో డ్రెస్సింగ్ ముక్క, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం. కింద ఒక వాక్యం: "మా డ్రెస్సింగ్ మామూలు డిస్కు కంటే బాగా పనిచేసింది." ఈ వీడియో ఆ వాక్యం గురించే.

డిస్కు అంటే పోలిక కోసం ప్లేటులో పెట్టే, మందు పట్టించిన చిన్న కాగితం బిళ్ల. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ డిస్కులో ఉండే మందు 5 మైక్రోగ్రాములు. పరీక్షలకి వాడే ప్రామాణిక బ్యాక్టీరియా స్టాఫ్ ఆరియస్ ఏటీసీసీ 25923 మీద దానికి 22 నుంచి 30 మిల్లీమీటర్ల వలయం రావాలి. మీ డ్రెస్సింగ్ ఫిల్ములో, అంటే పలచటి పొరలో, చదరపు సెంటీమీటరుకి అర మిల్లీగ్రాము మందు ఉందనుకోండి. 6 మిల్లీమీటర్ల పంచ్‌తో కోసిన ముక్క వైశాల్యం 0.28 చదరపు సెంటీమీటర్లు. అంటే అందులో 140 మైక్రోగ్రాములు. డిస్కుకి 28 రెట్లు! వలయం పెద్దగా రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. మందు చెడిపోలేదు, బయటికి వస్తోంది: ఆ ఫొటో చెప్పేది ఇంతే. ఎంత వస్తోంది, ఎన్నాళ్లు వస్తుంది అనేవి అందులో ఉండవు.

సరే, ఫిల్ము తయారీకి వద్దాం. 80 మిల్లీలీటర్ల నీళ్లలో 2 గ్రాముల సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు పొడి). స్టిర్రర్ తిరుగుతుండగా పొడిని ఉప్మాలో రవ్వ పోసినట్టు సన్నగా జల్లాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండల లోపలి పొడి సాయంత్రానికి కూడా తడవదు. 1 గ్రాము గ్లిజరిన్ కలపండి, లేకపోతే ఎండాక ఫిల్ము అప్పడంలా విరుగుతుంది. విడిగా 20 మిల్లీలీటర్ల నీళ్లలో 160 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ హైడ్రోక్లోరైడ్ కరిగించి, చుక్కచుక్కగా దీంట్లో పోయండి. బుడగలు పోవడానికి రాత్రంతా వదిలేసి, 9 సెంటీమీటర్ల ప్లేటుకి 20 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే ఐదు ప్లేట్లు. ఒక్కో దానిలో 32 మిల్లీగ్రాములు. ఈ అంకె గుర్తుంచుకోండి, ఇక్కణ్ణుంచి దాని వెంటే పోతాం.

మొదటి చిక్కు పోస్తున్నప్పుడే వస్తుంది: ద్రావణం తెల్లబడుతుంది. ఆల్జినేట్‌ది రుణావేశం, మందుది ధనావేశం, రెండూ అతుక్కుంటాయి. పైగా సిప్రోఫ్లాక్సాసిన్ ఆమ్లంలో కరిగినంతగా తటస్థ పీహెచ్‌లో కరగదు. సమంగా, సన్నగా తెల్లబడితే కంగారు లేదు. దారాల్లా, గడ్డల్లా వస్తే మాత్రం ఫిల్ములో ఒక మూల మందు ఎక్కువ, ఇంకో మూల సున్నా. దీన్ని కంటితో తేల్చకండి. మధ్యనుంచి ఒకటి, అంచులనుంచి నాలుగు ఒక చదరపు సెంటీమీటరు ముక్కలు కోసి సోడియం సిట్రేట్ ద్రావణంలో వేయండి. ఫిల్ముని గట్టిపరచడానికి తర్వాత వాడే కాల్షియాన్ని కూడా సిట్రేట్ లాగేస్తుంది, ఫిల్ము కరిగిపోతుంది. మందు ఎంతుందో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 276 నానోమీటర్ల దగ్గర చూడండి, స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసే పోలిక గీత) కూడా అదే సిట్రేట్‌లో గీయండి. ఈ మందుకి వెలుతురు పడదు, సీసాలకి ఫాయిల్ చుట్టండి. ప్రాజెక్టుకి జెంటామైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఎంచుకున్నవాళ్లకి ఇక్కడ ఇంకో తలనొప్పి: దానికి పనికొచ్చే యూవీ పీక్ లేదు, ముందు నిన్‌హైడ్రిన్ లాంటిదానితో రంగు తెప్పించాలి.

ఇప్పుడు అసలు దొంగ. ఎండిన ఫిల్ముని 2 శాతం కాల్షియం క్లోరైడ్‌లో ముంచితే ఆల్జినేట్ గొలుసుల్ని కాల్షియం ముడివేసి గట్టిపరుస్తుంది. ఆ పది నిమిషాల్లోనే మందు నీళ్లలోకి జారుకుంటుంది. ఆ ముంచిన ద్రావణాన్ని, అంటే బాత్‌ని, పారబోసేముందు కొలిచేవాళ్లు తక్కువ. కొలవండి. 80 మిల్లీలీటర్ల బాత్‌లో మిల్లీలీటరుకి 0.15 మిల్లీగ్రాములు తేలిందనుకుందాం, 12 మిల్లీగ్రాములు పోయినట్టే. మీ 32 కాస్తా 20 అయింది. కడిగిన నీళ్లలో పోయింది వేరే. రిపోర్టులో మాత్రం 32 అనే ఉంటుంది! స్టాండర్డ్ కర్వ్ ఆ కాల్షియం ద్రావణంలోనే గీయాలి సుమా. ఈ మందు కాల్షియంతో జతకడుతుంది, మామూలు నీళ్లలో గీసిన కర్వ్ తప్పు చెబుతుంది.

నష్టం తగ్గించాలంటే ముంచకుండా కాల్షియం ద్రావణాన్ని రెండు వైపులా స్ప్రే చేయండి. లేదా మందు లేకుండానే స్పాంజి చేసి, కాల్షియంతో గట్టిపరిచి, కడిగి, ఫ్రీజ్ డ్రై చేయండి (గడ్డకట్టించి ఆరబెట్టడం). అది పూర్తిగా పీల్చుకోగలిగినంత మందు ద్రావణాన్నే కొలిచి పోసి మళ్లీ ఆరబెట్టండి. అప్పుడు చుక్క వృథా కాదు. కాకపోతే మందంతా పైపైనే ఉంటుంది కాబట్టి మొదటి గంటలోనే చాలా భాగం బయటపడుతుంది. మా ఓటు అయినా దీనికే: డోసు ఎంతో తెలియని డ్రెస్సింగ్ కంటే తొందరగా విడుదలయ్యే డ్రెస్సింగ్ నయం.

మందు ఎంత వేగంగా బయటికి వస్తుందో చూసే రిలీజ్ పరీక్షకి అందరూ పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటి ద్రావణం) వాడతారు. అందులోని ఫాస్ఫేట్ ఫిల్ములోని కాల్షియాన్ని లాక్కుంటుంది, ముడులు విడిపోతాయి, ఫిల్ము జావ అవుతుంది. రిలీజ్ వేగంగా ఉందని మీరు రాసుకుంటారు, నిజానికి అక్కడ ఫిల్మే లేదు. డ్రెస్సింగ్‌ల పరీక్షకి యూరప్ ప్రమాణమైన ఈఎన్ 13726లో చెప్పిన ద్రావణం చేసుకోండి: లీటరుకి 8.298 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్. 37 డిగ్రీలు. బక్కెట్టంత ద్రావణం వద్దు, గాయంలో అంత తడి ఉండదు.

ప్లేటు పరీక్ష మానమని కాదు. 24 గంటలకోసారి అదే ముక్కని కొత్తగా బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీదకి మార్చండి. వలయం ఏ రోజు మాయమైందో రాయండి. ఇదంతా స్టెరిలైజ్ చేసిన ముక్కతోనే చేయాలి. స్టెరిలైజ్ చేయడానికి 25 కిలోగ్రే మోతాదులో గామా కిరణాలు ఇస్తే ఆల్జినేట్ గొలుసులు తెగుతాయి, ముందు తీసిన రిలీజ్ కర్వ్ ఆ తర్వాత చెల్లదు. చెన్నై గాలిలో తేమ సంగతీ చూసుకోవాలి: గ్లిజరిన్ ఉన్న ఫిల్ము బల్లమీద వదిలేస్తే నీళ్లు పీల్చి జిగటెక్కుతుంది, బరువు తప్పు చూపిస్తుంది. సిలికా జెల్ వేసిన డెసికేటర్‌లో పెట్టండి.

గాయం మీద పరీక్షించేటప్పుడు కంట్రోల్‌గా, అంటే పోలిక కోసం, గాజుగుడ్డ ఒక్కటే పెడితే సరిపోదు, మందు లేని అదే ఫిల్ము కూడా ఉండాలి. గాయాన్ని తడిగా ఉంచితే చాలు పైచర్మం సుమారు రెట్టింపు వేగంతో కమ్ముకుంటుందని 1962లోనే జార్జ్ వింటర్ పందుల మీద చూపించాడు. ఆ ఘనత మందుకి కట్టబెట్టకండి. ఇన్ఫెక్షన్ లేని గాయానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు కూడా. ఆల్జినేట్ బదులు కొల్లాజెన్ (చర్మంలో ఉండే ప్రొటీన్) మీద చేయాలనుకునేవాళ్లకి అడయార్‌లో సీఎల్ఆర్ఐ, అంటే కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ, ఉంది. తోళ్ల సంస్థకి గాయాలతో ఏం పని అంటారా? తోలంటే చాలావరకు కొల్లాజెనే కదా.

ఇంకొకటి. కాల్షియం బాత్‌లోకి జారిన ఆ 12 మిల్లీగ్రాములు బీకరులోనే ఉన్నాయి. దాన్ని సింకులో పోయకండి. యాంటీబయాటిక్‌లకి లొంగని బ్యాక్టీరియా మీద 2012లో చెన్నై డిక్లరేషన్ పుట్టింది ఈ ఊళ్లోనే, ఈ ఊరి మురుక్కాలవలోకే మనం సిప్రోఫ్లాక్సాసిన్ వదిలితే ఏం బావుంటుంది. మూత ఉన్న సీసాలో పోసి, మందు పేరు, తేదీ రాసి, ల్యాబు కెమికల్ వేస్టులో ఇచ్చేయండి.