రక్తనాళాల వాపుకి పసుపు చాలునా? బరంపురం స్టూడియో చర్చ

(బరంపురంలోని మా కేబుల్ స్టూడియోలో ఆదివారం జరిగిన చర్చకి ఇది రాతప్రతి. పలకరింపులు, ప్రకటనల విరామాలు, పసుపు ధర మీద సాగిన వాదన చాలావరకు తీసేశాం. మధ్యలో ఒడియాలో దొర్లిన మాటల్ని తెలుగులో పెట్టాం. పాల్గొన్నవాళ్ళు పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వృత్తులే రాశాం.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఒంట్లో వాపుని తగ్గిస్తాయనే పదార్థాల మీద ల్యాబుల్లో ఏం తేలింది, అవి మన రక్తనాళాలకి నిజంగా పనికొస్తాయా, ఇదీ ఈ వారం విషయం. ముందు షావుకారు గారినే అడుగుతాను. మీ కొట్టుకి వచ్చేవాళ్ళు ఏమంటున్నారండీ?

షావుకారు: ఏటంటారమ్మా, ఇదివరకు పసుపు కొమ్ము విరిచి రంగు చూసుకునేవోళ్ళు. ఇప్పుడు "కర్‌క్యుమిన్ ఎంత శాతం?" అంటన్నారు, పసుపులో ఉండే సరుకంట అది. మొన్న ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. గుండెకి స్టెంటు వేయించుకున్నారంట. ఫుల్బని పసుపు రెండు కిలోలు కొనీసి, "ఇంక బిళ్ళలతో పని లేదు" అనీసి వెళ్ళిపోయారు. బేరం బాగానే ఉంది గానీ నాకు గుండె గుభేలుమంది.

డాక్టరు: ఆయన్ని రేపే ఆస్పత్రికి పంపండి. స్టెంటు ఉన్నవాళ్ళు తమంతట తాము బిళ్ళలు మానేస్తే స్టెంటులోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఈ కార్యక్రమంలో ఇంకేం వినకపోయినా ఈ ముక్క వినండి.

వ్యాఖ్యాత: మేడమ్, మీరు ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం చెబుతారు, ల్యాబు కూడా చూస్తారు. రక్తనాళం అంటే నీటి గొట్టం, కొవ్వు పేరుకుంటే మూసుకుపోతుంది. మాకు తెలిసింది ఇంతే. ఇందులోకి వాపు ఎలా వచ్చింది?

మేడమ్: ఆ గొట్టం లెక్క ముందు వదిలేయండి. గొట్టానికి ప్రాణం ఉండదు. నాళం లోపలి గోడకి ఒకే ఒక్క వరస కణాల పొర ఉంటుంది, ఎండోథీలియం అంటాం. అదేం చేస్తుందో 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కలతో చూపించాడు. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే కొన్ని ముక్కలు వదులయ్యేవి, కొన్ని ఉల్టా బిగుసుకునేవి. కారణం వెతికితే, ముక్క తయారుచేసేటప్పుడు లోపలి వైపు రుద్దుకుపోయినవే బిగుసుకుంటున్నాయి. అంటే నాళాన్ని వదులుచేసే సరుకు ఆ పొరలోనే పుడుతోందన్నమాట. అది నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది దానికే.

వ్యాఖ్యాత: ఆ ప్రయోగం ఇప్పటికీ చేస్తారా?

మేడమ్: ఫార్మకాలజీ ల్యాబుల్లో ఇప్పటికీ నడుస్తుంది. ఎలుక బృహద్ధమనిని రెండు, మూడు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోస్తాం. ఒక్కో ఉంగరంలోకి సన్నటి కొక్కేలు రెండు దూర్చి, ఒకటి కింద బిగించి, రెండోది పైన సెన్సారుకి తగిలిస్తాం. అది 37 డిగ్రీల ఉప్పునీటి ద్రావణంలో వేలాడుతుంటుంది, కింది నుంచి ఆక్సిజన్ బుడగలు వస్తుంటాయి. ఫినైలెఫ్రిన్ వేస్తే ఉంగరం బిగుసుకుని స్క్రీన్ మీద గీత పైకి లేస్తుంది. అప్పుడు ఎసిటైల్‌కోలిన్ చుక్క వేయాలి. పొర బాగుంటే గీత జారుతుంది. కొక్కెం దూర్చేటప్పుడు చెయ్యి వణికిందా, పొర గీసుకుపోతుంది, గీత కదలదు. మనం పరీక్షించే మందు మంచిదో చెడ్డదో ఆ తర్వాతి సంగతి.

డాక్టరు: ఆ పొరని పొగ, షుగరు, బీపీ, చెడ్డ కొలెస్ట్రాల్ ఇవన్నీ కలిసి చికాకు పెడతాయి. అప్పుడది జిగురుగా మారి తెల్లకణాలని పట్టుకుంటుంది. అవి గోడలోకి చొరబడి కొవ్వు మింగి అక్కడే తిష్ఠ వేస్తాయి. వాపు ముదిరితే దాని మీది కప్పు పలచబడి పగులుతుంది, పగిలిన చోట రక్తం గడ్డకడుతుంది. గుండెపోటు చాలామందిలో ఇలాగే వస్తుంది. నాళం కాస్తే మూసుకున్నా కప్పు పగిలితే మనిషి పోవచ్చు.

షావుకారు: మరి పసుపు వాపు తగ్గిస్తాది కదండీ? దెబ్బ తగిలితే మా అమ్మ పసుపు, సున్నం కలిపి పట్టు వేసీది. అమెరికావోళ్ళు పేటెంటు కూడా పట్టుకుపోయారు కదా.

మేడమ్: పట్టుకుపోయారు, మనవాళ్ళు వెనక్కి రప్పించారు కూడా. 1995లో ఇచ్చిన పేటెంటుని మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దు చేశారు. కానీ అది గాయం మానడం గురించి. గుండె ఊసు అందులో లేదు.

వ్యాఖ్యాత: అయితే నాళాలకి పసుపు పనిచెయ్యదంటారా?

మేడమ్: గాజు పళ్ళెంలో కణాల మీద వేస్తే చేస్తుంది. వాపుని రెచ్చగొట్టే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే స్విచ్చుని కర్‌క్యుమిన్ అణచినట్టు చాలా పేపర్లున్నాయి. చిక్కేమిటంటే మింగినది పేగు నుంచి రక్తంలోకి పెద్దగా పోదు. పోయిన కాస్తా కాలేయం మార్చేస్తుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో మనుషులకి 2 గ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చి, దానితో 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియాల్లో ఉండే పదార్థం, కలిపి చూశారు. రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగిందని రాశారు. ఇక్కడ లెక్క చూడండి. మంచి పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతం. 2 గ్రాములు రావాలంటే ఒక్క పూటకి 65 గ్రాముల పైచిలుకు పసుపు గుండ మింగాలి.

షావుకారు: అమ్మబాబోయ్! నాలుగు చెంచాల పైన మాటే!

మేడమ్: చిన్న చెంచా అయితే ఇరవై దాటతాయండీ. (నవ్వులు) ఇంకో తిరకాసు ఉంది. కర్‌క్యుమిన్ తనంతట తానే మెరుస్తుంది, చాలా ప్రోటీన్లకి అతుక్కుంటుంది, ద్రావణంలో విరిగిపోతుంది. అందువల్ల పరీక్ష యంత్రమే మోసపోయి "పనిచేసింది" అని చూపిస్తుంది. 2017లో కొందరు మందుల రసాయన శాస్త్రవేత్తలు ఈ పేపర్లన్నీ తిరగేసి, మనుషుల మీద పకడ్బందీగా చేసిన ట్రయల్ ఒక్కటీ గట్టిగా నెగ్గలేదని రాశారు. చిన్న ట్రయల్స్‌లో నాళం సాగే గుణం కొంచెం మెరుగైనట్టు కనబడింది, కాదనను. గుండెపోట్లు తగ్గాయని మాత్రం ఎవరూ చూపించలేదు.

డాక్టరు: కూరలో వేసుకోండి, పాలలో వేసుకోండి, ఎవరూ వద్దనరు. గట్టి క్యాప్సూళ్ళతోనే పేచీ. ముఖ్యంగా మిరియాల సారం కలిపినవాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు అడగకుండా ముట్టుకోవద్దు.

వ్యాఖ్యాత: ఫోన్‌లో గుణుపురం నుంచి ఒకమ్మాయి ఉంది. చెప్పమ్మా.

ఫోన్‌లో విద్యార్థిని: మేడమ్ నమస్తే. నేను ఎం.ఫార్మసీ. మా కొండ మీద దొరికే ఒక ఆకు సారం ఎలుక పాదం వాపు మీద చేశాను. ఇండోమెథాసిన్ అనే వాపు మందుకి దగ్గరగా తగ్గించింది. ఇది గుండె జబ్బుకి మందవుతుందని థీసిస్‌లో రాయొచ్చా?

మేడమ్: క్యారజీనన్ మోడలేనా?

విద్యార్థిని: అవును మేడమ్. 1 శాతం, 0.1 మిల్లీలీటరు, వెనక పాదంలో.

మేడమ్: క్యారజీనన్ అంటే సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం, ఐస్‌క్రీముల్లోనూ వేస్తారు. పాదంలోకి ఎక్కిస్తే కొన్ని గంటల పాటు వాస్తుంది. చీలమండ దగ్గర స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, ఆ గీత దాకా పాదాన్ని ముంచి, ఎంత ద్రవం పక్కకి జరిగిందో చూడాలి. ఎలుక సరిగ్గా అప్పుడే కాలు లాక్కుంటుంది, అవునా?

విద్యార్థిని: (నవ్వుతూ) అవును మేడమ్, ఒక్కోదానికి మూడుసార్లు ముంచాను.

మేడమ్: మంచి పని చేశావు. అయితే నువ్వు కొలిచింది కొన్ని గంటల వాపు. గుండె నాళంలోది ఏళ్ళ తరబడి నడిచే వాపు. దాని కణాలు వేరు, సంకేతాలు వేరు. "ఈ సారం తాత్కాలిక వాపుని తగ్గించింది, ఏ పదార్థం వల్లో విడదీయాలి" అని రాసి ఆపు. మన దగ్గర ఇలాంటి థీసిస్‌లు ఏటా బీరువాల్లోకి చేరుతున్నాయి, ఆకు మారుతుంది, ముగింపు వాక్యం మారదు. ఎవరో ఒకరు ఆ ఆకులోంచి ఒక్క అణువుని బయటికి తీసి చూడాలి కదా.

వ్యాఖ్యాత: డాక్టరు గారూ, వాపుని తగ్గిస్తే గుండెపోటు తగ్గుతుందని మనుషుల్లో ఎవరైనా రుజువు చేశారా?

డాక్టరు: చేశారు. 2017లో కాంటోస్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళు 10,061 మంది. కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. అది ఇంటర్‌ల్యూకిన్-1-బీటా అనే ఒక్క సంకేతాన్నే ఆపుతుంది, కొలెస్ట్రాల్‌ని ముట్టుకోదు. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ఇన్‌ఫెక్షన్లతో చనిపోయినవాళ్ళు పెరిగారు, మొత్తం మరణాలు తగ్గలేదు. వాపు మనకి శత్రువు మాత్రమే కాదు, కాపలా కూడా. కాపలా తీసేస్తే సూక్ష్మజీవులు దూరతాయి.

వ్యాఖ్యాత: అయితే ఏ వాపు మందైనా కొంత పనిచేస్తుందా?

డాక్టరు: అలాగని లేదు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ల్యాబులో తయారైన మెథోట్రెక్సేట్ ఉంది కదా, కీళ్ళవాతానికి దాన్నిప్పటికీ రాస్తున్నాం. కీళ్ళ వాపు తగ్గిస్తుంది కాబట్టి గుండె నాళాలకీ పనికొస్తుందని 4,786 మందికి ఇచ్చి చూశారు. 2018లో చెప్పేశారు, ఏమీ లాభం లేదని. కీలు దారి వేరు, నాళం దారి వేరు. ఇంకా ఘోరం, నొప్పి బిళ్ళల సంగతి. రోఫెకాక్సిబ్ వాపుని భేషుగ్గా తగ్గించేది, గుండెపోట్లు పెరిగాయని 2004లో అమ్మకం ఆపేశారు. మన సంతల్లో చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్ కూడా గుండె జబ్బున్నవాళ్ళకి మంచిది కాదు. పొలం పనికి పోయొచ్చి రోజూ ఒకటి మింగేవాళ్ళని ఇక్కడ నేను వారం వారం చూస్తున్నాను, బీపీ పెరిగి, కిడ్నీలు దెబ్బతిని వస్తారు.

మేడమ్: కొల్చిసిన్ చెప్పండి సార్, మన కొండల్లో ఉన్నదే.

డాక్టరు: చెబుతున్నా. గౌటు అనే కీళ్ళ జబ్బుకి వాడే పాత మందు. 2019లో కోల్‌కాట్ ట్రయల్‌లో కొత్తగా గుండెపోటు వచ్చిన 4,745 మందికి రోజుకి అర మిల్లీగ్రాము ఇస్తే సమస్యలు 23 శాతం తగ్గాయి. 2020లో ఇంకో ట్రయల్‌లో 31 శాతం. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుండెకి వాడొచ్చని ఒప్పుకుంది. ఆ మరుసటి ఏడాదే 7,062 మందితో చేసిన క్లియర్ సినర్జీలో లాభం ఏమీ కనపడలేదు. ఇప్పుడు మేం కొందరికే రాస్తాం, కిడ్నీలు చూసుకుని.

షావుకారు: మన కొండల్లో ఉందన్నారు, ఏటది?

మేడమ్: వానాకాలంలో కంచెల మీద పాకుతుంది. ఆకు కొస వేలికి చుట్టుకునేలా తిరిగి ఉంటుంది. పూరేకులు కింద పసుపు, పైన ఎరుపు, అంచులు మెలికలు తిరిగి పైకి లేచి ఉంటాయి.

షావుకారు: అడవినాభి! అది విషం కదమ్మా. దుంప తింటే మనిషి దక్కడు.

మేడమ్: అదే. ఆ దుంపలో, గింజల్లో కొల్చిసిన్ ఉంటుంది. చిలగడదుంప అనుకుని తిని చచ్చిపోయినవాళ్ళున్నారు. ముందు వాంతులు, విరేచనాలు, తర్వాత అవయవాలు ఒక్కొక్కటీ ఆగిపోతాయి. బతికి బయటపడ్డవాళ్ళకి జుట్టు ఊడిపోతుంది. తెల్లకణాలు నాళం గోడలోకి కదలడానికి కావలసిన సన్నటి దారాల్ని ఇది కట్టకుండా చేస్తుంది. మందుగా పనిచేసేది, విషంగా చంపేది, రెండూ ఆ ఒక్క పనే. తేడా మోతాదుది.

డాక్టరు: చూస్తున్నవాళ్ళెవరూ కొండకి పోయి తవ్వుకురావద్దు. దీనికి విరుగుడు మందు మా దగ్గర లేదు.

వ్యాఖ్యాత: వంటింట్లో నిక్షేపంగా తినేదానికి రుజువు లేదు, తింటే చచ్చేదానికి కొంత ఉంది. భలే ఉంది.

షావుకారు: నాదొక మాట. పసుపులో కల్తీ గురించి చెప్పండి. నా మీద పడతారు తర్వాత.

మేడమ్: లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న పసుపు రంగు. రంగు తేలడానికి కొమ్ములకి పాలిష్‌లో వేసేస్తారు. సీసం బీపీ పెంచుతుంది, పిల్లల మెదడు పాడుచేస్తుంది. నాళాల కోసమని పసుపు తింటూ సీసం తింటే ఏం లాభం? గ్లాసు నీళ్ళలో చెంచాడు గుండ వేసి కదపకుండా వదిలేయండి. మంచిదైతే కిందికి దిగుతూ నీటికి లేత పసుపు రంగే ఇస్తుంది. నీళ్ళు ముదురు పసుపుగా మారితే రంగు కలిపారని అనుమానించాలి. పాలిష్ చెయ్యని కొమ్ములు కొనుక్కుని మర ఆడించుకోవడం ఇంకా మేలు.

వ్యాఖ్యాత: ఆఖరి ప్రశ్న, పర్లాకిమిడి నుంచి వచ్చిన మెసేజ్. "లోపలి వాపు తెలిసే రక్తపరీక్ష ఉందంట, చేయించుకోవాలా?"

డాక్టరు: హెచ్‌ఎస్-సీఆర్‌పీ. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫెక్షనో దెబ్బో ఉందని, గుండె లెక్కలోకి తీసుకోం. పన్ను నొప్పికీ, జలుబుకీ పెరిగిపోతుంది. అందుకని జ్వరంలో చేయించుకోవద్దు, తగ్గాక రెండు వారాలు ఆగండి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఇప్పటిదాకా ఒక్కసారీ చూపించుకోనివాళ్ళు ముందు అవి చూపించుకోండి, దీని ఖర్చు తర్వాత.