సీఈటీపీ యాంటీబాడీ రివ్యూ: కొనేముందు మౌస్ సీరం లేన్ అడగండి

నమస్తే ఫ్రెండ్స్. ఇవాళ మన బెంచ్ మీదున్నది హ్యూమన్ సీఈటీపీని (కొలెస్టరిల్ ఎస్టర్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్‌ని) పట్టే రాబిట్ మోనోక్లోనల్ యాంటీబాడీ. హబ్సిగూడ, గచ్చిబౌలి ల్యాబుల్లో లిపిడ్ల మీద పనిచేసేవాళ్లకి పనికొస్తుందని వెస్టర్న్ బ్లాట్ (ఒక్కో శాంపిల్‌ని ఒక్కో లేన్‌లో వేసి, ప్రొటీన్లని సైజు ప్రకారం విడదీసి, యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) వరకు చూపిస్తున్నా.

సీఈటీపీ ఏం చేస్తుందో మీకు తెలుసు. రక్తంలో కొవ్వుని మోసే కణికల్లో, హెచ్‌డీఎల్ నుంచి కొలెస్టరాల్ ఎస్టర్లు తీసి వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్‌కి ఇస్తుంది, అటునుంచి ట్రైగ్లిజరైడ్లు తెస్తుంది. సరే, బ్లాట్‌కి వద్దాం.

ఇది హ్యూమన్ ప్లాస్మా లేన్. బ్యాండ్ 70 కిలోడాల్టన్ల మార్కర్‌కి కాస్త పైన ఉంది, చూడండి. అమైనో ఆమ్లాల లెక్క 53 దగ్గరే తేలుతుంది కదా అని కంగారు పడకండి, దీనికి చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి. ఆ గొలుసుల్ని కోసేసే ఎంజైమ్ పీఎన్‌గేజ్ ఎఫ్ కలిపిన పక్క లేన్‌లో బ్యాండ్ కిందికి దిగిపోయింది, అదే సాక్ష్యం.

అసలు ఇబ్బంది ఆల్బుమిన్. ఒక మైక్రోలీటర్ ప్లాస్మాలో సీఈటీపీ రెండు నానోగ్రాముల లెక్కన ఉంటే, ఆల్బుమిన్ 40 మైక్రోగ్రాములు ఉంటుంది. అంటే 20 వేల రెట్లు! పైగా అది 66 దగ్గరే కూర్చుంటుంది. ప్రొటీన్లన్నిటికీ రంగేసే పాన్సో మరకలో ఆ ఎర్రటి ఉబ్బు చూడండి, పక్క లేన్‌ని కూడా తోసేసింది. ఆల్బుమిన్ తీసేశాకే లోడ్ చేయండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన లేన్, మౌస్ సీరం. మౌస్‌కి, ర్యాట్‌కి సహజంగానే సీఈటీపీ లేదు. నాకౌట్ (ఆ జీన్ తీసేసిన శాంపిల్) కొనక్కర్లేకుండా దొరికిన నెగటివ్ కంట్రోల్ ఇది. 70 పైన ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. 50 దగ్గర సన్నటి గీత ఉంది కానీ, ప్రైమరీ (సీఈటీపీని పట్టే ఈ యాంటీబాడీ) వేయని బ్లాట్‌లోనూ అదే వచ్చింది, కాబట్టి అది సెకండరీ (ప్రైమరీని పట్టి సిగ్నల్ ఇచ్చే రెండో యాంటీబాడీ) పని. మీది మౌస్ మోనోక్లోనల్ అయితే సెకండరీ మౌస్ సీరంలోని సొంత యాంటీబాడీల్నీ పట్టేస్తుంది, ఈ లేన్‌లో ఆ ఐజీజీ బ్యాండ్లు 50, 25 దగ్గర దట్టంగా వెలుగుతాయి, వాటిని చూసి మోసపోకండి.

హెప్‌జీ2 (మనిషి కాలేయ కణాల లైన్) లైసేట్‌లో, అంటే కణాల్ని పగలగొట్టి తీసిన ద్రవంలో, సిగ్నల్ బలహీనంగా వచ్చింది. ఇది కణం బయటికి వదిలే ప్రొటీన్, సీరం లేని మీడియాని గాఢం చేసి వేయండి.

మే నెలలో మన హైదరాబాద్‌కి తెప్పిస్తుంటే సోమవారం డిస్పాచ్ చేయమనండి, శని, ఆదివారాలు గోడౌన్‌లో ఎండకి పడి ఉండకూడదు. రాగానే చిన్న చిన్న అలికాట్లుగా (వాటాలుగా) పంచుకోండి.

ప్లాస్మా బ్లాట్లకి దీన్ని ధైర్యంగా కొనొచ్చు. వేరే ఏ సీఈటీపీ యాంటీబాడీ చూస్తున్నా, డేటాషీట్‌లో ఓవర్‌ఎక్స్‌ప్రెషన్ (కణాల చేత సీఈటీపీని బలవంతంగా ఎక్కువ చేయించిన) లైసేట్ బొమ్మ ఒక్కటే ఉంటే మౌస్ సీరం లేన్ ఉన్న బ్లాట్ పంపమని మెయిల్ పెట్టండి. పంపలేదా, ట్రయల్ వయల్ ఇచ్చేదాకా ఆర్డర్ ఆపండి.