‘బరువు తగ్గాలమ్మా’ అనేస్తే సరిపోదు

సభకు నమస్కారం. సమయం తక్కువ, నేరుగా విషయానికి వస్తాను.

మందుల చీటీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళిన మనిషితో ‘బరువు తగ్గాలమ్మా’ అంటాం. ఎందుకో చెప్పం, ఎంతో చెప్పం, ఎలాగో అసలే చెప్పం. ఆమెకు మిగిలేది సిగ్గు. ఆ సిగ్గుతో రొమ్ములో గడ్డ తగిలినా మన దగ్గరికి రాదు. డాక్టర్లూ, నర్సులూ, దయచేసి ఆ మాట మానేద్దాం.

ముందు కారణం చెప్పండి. నెలసరి ఆగాక అండాశయాల నుంచి ఈస్ట్రోజన్ అనే హార్మోన్ దాదాపు రాదు. కొవ్వులోని అరోమటేజ్ ఎంజైమ్ మాత్రం దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. ఈస్ట్రోజన్‌ను అదుపు చేసే ప్రొజెస్టిరాన్ హార్మోన్ లేకపోవడంతో గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. ఆ పొరలో వచ్చే క్యాన్సర్‌కు, మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) తర్వాతి రొమ్ము క్యాన్సర్‌కు ఇదొక దారి. పెరిగిన ఇన్సులిన్ ఇంకొకటి. అధిక కొవ్వుతో ముడిపడిన క్యాన్సర్లు 13 అని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. అలాగని ‘లావు వల్లే నీకిది వచ్చింది’ అని ఎవరితోనూ అనకండి. సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుంది.

తర్వాత అనుమతి. ‘మీ బరువు గురించి మాట్లాడుకుందామా?’ వద్దంటే వదిలేయండి, వచ్చేసారి అడగండి. ఒప్పుకుంటే నడుము కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, బట్టల మీద కాకుండా, మామూలుగా ఊపిరి వదిలాక. టేపు వీపు వైపు జారితే, ఆమె పొట్ట లోపలికి లాక్కుంటే కొలత తప్పుతుంది. 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. వాడే మందులూ అడగండి, స్టిరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక జబ్బుల మందులు కొన్ని బరువు పెంచుతాయి.

లక్ష్యం కిలోల్లో చెప్పండి. 80 కిలోల మనిషికి ఆరు నెలల్లో 4 కిలోలు, అంటే 5 శాతం. నడక వారానికి 150 నిమిషాలు, మొదట్లో పూటకు పదేసి నిమిషాలైనా చాలు. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య బరువు అసలు పెరగకుండా ఉన్నా గెలుపే, ఆ మాట ఆమెతో అనండి. మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ వేసి పంపండి.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి గానీ, ఇది ముఖ్యం. ప్రయత్నించకుండానే బరువు తగ్గిన మనిషిని మెచ్చుకోకండి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు 5 శాతం పైగా తగ్గితే పరీక్షలు చేయించండి. నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనిపించినా బరువు సంగతి పక్కన పెట్టి, ముందు స్కానింగో బయాప్సీనో (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రాయండి.