ఇద్దరు పెళ్ళికొడుకులకీ ఒకటే షేర్వాణీనా? ఫొటోలో ఇద్దరూ మాయం!

నమస్తే అండీ. సూటిగా చెప్పేస్తున్నా. పెళ్ళికొడుకులు ఇద్దరున్న పెళ్ళిలో ఆ ఇద్దరికీ అచ్చుగుద్దినట్టు ఒకే క్రీమ్ షేర్వాణీ కుట్టించడం అన్యాయం. అవును, అన్యాయమే!

రగడ ఏంటో మీకు తెలిసిందే. అలాంటి ఫొటో ఒకటి బయటికొస్తే చాలు, సగం మంది ‘ట్విన్నింగ్, ఎంత ముద్దొస్తున్నారో’ అంటారు. మిగతా సగం ‘ఇంతకీ ఇందులో పెళ్ళికూతురెవరు?’ అంటారు. రెండు జట్లదీ ఒకటే తప్పు. అక్కడ ఇద్దరు మనుషులున్నారని ఎవరికీ కనిపించలేదు! బట్టల కొట్లలోనూ ఇదే తంతు. ఇద్దరికీ ఒకటే ఇస్తారు, లేదంటే ఒకరికి క్రీమ్, ఇంకొకరికి ఎరుపు చేతిలో పెడతారు. ఎరుపు ఎందుకిచ్చారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పెళ్ళికూతురి కుర్చీ ఖాళీగా ఉండకూడదని.

నా మాట ఒక్కటే. ఒకే తాను, రెండు కోతలు.

ఇవాళ న్యూజెర్సీలో అక్టోబరు పెళ్ళి పెట్టుకున్న ఇద్దరు తెలుగబ్బాయిల లెక్కలో చెప్తాను. ఒకరు ఐదడుగుల ఐదంగుళాలు, ఛాతీ వెడల్పు. ఇంకొకరు ఆరడుగులు, సన్నం. మోకాలు దాటే షేర్వాణీ ఇద్దరికీ వేస్తే పొట్టి మనిషికి కాళ్ళే కనిపించవు. అతనికి తుంటి దగ్గర ఆగే, మెడ దాకా మూసుండే కోటు, బంద్‌గలా కుట్టించండి. పొడుగాయనకి మోకాలి దాకా అచ్కన్, అంటే షేర్వాణీ కన్నా ఒంటికి పట్టినట్టుండే కోటు. నూటయాభై సెంటీమీటర్ల పన్నా ఉన్న గుడ్డయితే బంద్‌గలాకి రెండుంపావు మీటర్లు, అచ్కన్‌కి మూడు. పైన ఇంకో ముప్పావు మీటరు కలిపి ఆరు మీటర్లు ఒకే తానులోంచి, ఒకే రోజు కోయించండి. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో అదే రంగు అని విడివిడిగా కొన్నారనుకోండి, అద్దకం బ్యాచ్ మారిపోతుంది. కొట్టు లైట్ల కింద తేడా తెలీదు. మధ్యాహ్నం మూడింటి ఎండలో పక్కపక్కన నిలబడగానే ఒకరిది కొత్తది, ఇంకొకరిది ఉతికింది అన్నట్టుంటుంది.

బరువు మర్చిపోకండి. మీటరుకి మూడొందల నుంచి మూడొందల నలభై గ్రాముల ఉన్ని బట్ట. కొట్టువాళ్ళు రా సిల్క్ అంటగడతారు. సాయంత్రం గాలి అందులోంచి దూసుకుపోతుంది. లైనింగ్ మాత్రం పాలియెస్టర్ వద్దు, విస్కోస్ అడగండి. పాలియెస్టర్‌లో చెమట పీల్చుకునే గుణం లేదు. డాన్సు చేసి చెమటపట్టి, అలాగే బయటికొస్తే వణుకే.

ఇక రంగు. అక్టోబరులో అక్కడ వెనకాల చెట్లన్నీ ఎరుపు, నారింజ, పసుపు. మెరూన్, ఆవపిండి రంగు వేసుకున్నారా, ఆకుల్లో కలిసిపోయారు. క్రీమ్ వేసుకున్నారా, ఆకుల మీంచి వచ్చే వెలుగంతా దాని మీద పడి నారింజ ఛాయ తిరిగింది. ముదురాకుపచ్చ, సిరానీలం, ఈ రెండూ నిలబడతాయి. నలుపు పెద్దవాళ్ళు వద్దంటారు, నేనూ వద్దంటాను. ఫొటోలో కుట్టు, మడత ఏమీ తెలీదు, నల్లటి ముద్దలా పడుతుంది.

కొలతలు థర్మల్స్, అదే చలికి లోపల వేసుకునేవి, వేసుకుని ఇవ్వండి! వీడియో కాల్‌లో టైలర్‌కి బనీను మీద కొలత ఇచ్చి, పెళ్ళినాడు లోపల థర్మల్ వేస్తే ఛాతీ దగ్గర గుండీలు లాగుతాయి. పక్క కుట్లలో అంగుళం మార్జిన్ వదలమనండి. జులైలో గుడ్డ ఇచ్చి, ఆగస్టు చివరికల్లా మొదటి ట్రయల్ అయిపోవాలి. దసరా ముందు టైలర్ మీ ఫోన్ ఎత్తడు.

కానీ ఈ ఉన్ని బట్టలు ముహూర్తానికి కాదు. మళ్ళీ చెప్తున్నా, ముహూర్తానికి కాదు. తలంబ్రాల్లో పసుపుంటుంది. ఉన్ని మీద పడితే డ్రైక్లీనింగ్‌కి ఇచ్చినా పూర్తిగా పోదు. ముహూర్తానికి మధుపర్కాలే, ఎర్రంచు తెల్ల నూలు బట్టలు. అవి ఇద్దరికీ ఒకటే ఉంటాయి, ఉండనివ్వండి. అది సంప్రదాయం ఇచ్చిన సమానత్వం, కొట్టువాడు అంటగట్టింది కాదు. సన్నగా ఉన్నాయనకి తొమ్మిది-ఐదు జత సరిపోతుంది. తొమ్మిది మూరల పంచె, ఐదు మూరల ఉత్తరీయం. నడుము లావైతే పది-ఆరు తీసుకోండి, లేకపోతే గోచీకి గుడ్డ చాలదు. తెల్ల థర్మల్ పల్చటి పంచెలోంచి కనిపిస్తుంది, ఒంటి రంగుది కొనండి, మోకాలి పైన కత్తిరించండి. నున్నటి థర్మల్ మీద ముడి జారుతుంది కాబట్టి పైన నూలు బెల్టు బిగించి అప్పుడు కట్టండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం. మన పెళ్ళిలో అసలు ముహూర్తం ఏది? తాళి కాదు, జీలకర్ర బెల్లం. ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు ఒకే క్షణాన పెట్టుకునేది. తలంబ్రాలూ అంతే, ఇద్దరూ పోసుకునేవే. ఇద్దరు వరులకి మన పెళ్ళి ఎలా కుదురుతుందని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. గుండెకాయ లాంటి ఘట్టంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు! తాళి దగ్గరికొచ్చేసరికి రెండు సూత్రాలు చేయించి ఒకరికొకరు మూడేసి ముళ్ళు వేసుకోండి. జీలకర్ర బెల్లం ముద్ద గట్టిగా నూరించండి, నీళ్ళు ఎక్కువైతే చెవి పక్కనుంచి కారి ఉత్తరీయం మీదకొస్తుంది. తమలపాకు మీద నిలిచేంత గట్టిగా ఉండాలి. జుట్టుకి జెల్ రాశారా, బాసికం జారుతుంది. దారం చెవుల పైనుంచి తీసి వెనక ముడెయ్యండి.

పూల దగ్గర కాస్త పక్కకెళ్తాను. కోటుకి గులాబీ ఎందుకండీ? బతుకమ్మలో పేర్చే గునుగు ఉంది కదా, ఆ జాతి పూలు అమెరికా రైతుబజార్లలో సెప్టెంబరు, అక్టోబరుల్లో దొరుకుతాయి. కాగితంలా ఉంటుంది, నీళ్ళు లేకపోయినా సాయంత్రం దాకా వాడదు. ఒకరికి గునుగు, ఇంకొకరికి చిన్న చేమంతి. దండలు ఫ్రిజ్‌లోంచి గంట ముందే తీసి, దులిపి, పేపర్ టవల్‌తో అద్దండి. తడి దండ పట్టు కండువా మీద పడితే నీటి మరక నిలిచిపోతుంది.

టైము. అక్టోబరు మూడో వారంలో న్యూజెర్సీలో ఆరుంపావుకే సూర్యాస్తమయం. నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కెళ్ళాక ఐదు లోపే పొద్దుగుంకుతుంది. పదకొండింటికి ముహూర్తం, భోజనాలు, బట్టలు మార్చడానికి నలభై నిమిషాలు, మూడింటికి చెట్ల కింద ఉండాలి. హాలు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే హోమం సంగతి తేల్చుకోండి. 2024 శరత్తులో కరువు వల్ల న్యూజెర్సీ అంతటా ఆరుబయట నిప్పు మీద ఆంక్షలు పెట్టారు.

అక్కడ పెళ్ళి లైసెన్సుకి 18 ఏళ్ళు నిండిన సాక్షిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. దరఖాస్తు ఇచ్చాక 72 గంటలు ఆగాలి. శుక్రవారం వెళ్ళి శనివారం పెళ్ళంటే కుదరదు. న్యూజెర్సీలో 2013 అక్టోబరు 21 నుంచి ఈ పెళ్ళిళ్ళకి చట్టబద్ధత ఉంది. మన దగ్గర? హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ జంట 2021 డిసెంబరులో వేడుక చేసుకుని, తర్వాత సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2023 అక్టోబరు 17న కోర్టు ఇలాంటి జంటలకి పెళ్ళి హక్కు ఇవ్వలేమంది. అదీ శరత్తులోనే. నాకు ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఒకే షేర్వాణీయే కరెక్టు అనేవాళ్ళు కామెంట్లలోకి రండి. ఇద్దరి ఎత్తులూ, ఛాతీ కొలతలూ రాసి మరీ వాదించండి, కోత నేను చెప్తాను.